మిరొన్ త్యుగాయ్ కత్తి వెదుకులాట

సిర్‌దర్యా నది కింది వరి మళ్ళలో మిరొన్ త్యుగాయ్‌ని ఎరగనివాళ్ళు లేరు. అదేదో గొప్ప కీర్తి అనుకోకండి. మూడో బ్రిగేడ్ అనే ఆ ఊరికి నీళ్ళు తోడే పంపు అతని చేతిలో ఉండేది, అంతే. పంపు ఆగితే ఊరంతా వచ్చి అతని ముందు చేతులు కట్టుకుని నిలబడేది. పంపు నడిచినన్నాళ్ళూ పలకరించే నాథుడు ఉండేవాడు కాదు. వారానికోసారి పంపు ఎందుకు ఆగుతోందో తనకి బాగా తెలుసని అతని భార్య వెనేరా అంటుండేది.

మనిషి పొట్టి. వరి ఏపుగా పెరిగిన ఏడు అతను గట్టు మీద నడిచి వెళ్తుంటే, దూరానికి టోపీ ఒక్కటే వెళ్తున్నట్టు కనపడేది. వయసు యాభై ఏడు. కొరియా నుంచి వచ్చిన అతని తాతల్ని పూర్వం సర్కారువారు రైలెక్కించి తెచ్చి ఈ రెల్లు పొదల మధ్య దింపేసి వెళ్ళారట. వాళ్ళ దగ్గర విత్తనాల మూటలు తప్ప ఏమీ లేవు. ఆ విత్తనాలే ఈ మళ్ళయ్యాయి. కల్హోజ్ అనే సర్కారు ఉమ్మడి సాగు ఉన్నంతకాలం మళ్ళు అందరివీ, పందులు అడవివీ. కల్హోజ్ పోయాక మిరొన్ నాలుగు హెక్టార్లు కౌలుకి తీసుకున్నాడు. పందులకు మాత్రం కల్హోజ్ పోయిన సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు. కంకి పాలుపట్టే వేళకి గుంపుగా దిగి, తిన్నంత తిని, తిననిదాని మీద పొర్లి వెళ్ళేవి.

మిరొన్‌కి ఒక పాత రెండు గొట్టాల తుపాకీ, మూడు కుక్కలు ఉండేవి. పాల్మా అనే ఆడకుక్క వాటిల్లో పెద్దది. వాసన పట్టాలన్నా, పందిని నిలవేయాలన్నా దానికదే సాటి. తుమాన్, ఇస్క్రా అనే మిగతా రెండూ దాని పిల్లలే. కిందటేడు సెప్టెంబరులో ఒక పొద్దున ఆ మూడూ ఒక మగపందిని కాలవ మూలకి తరిమాయి. పాల్మా దాని చెవి పట్టుకుని వేలాడుతోంది. మిరొన్ తుపాకీ ఎత్తాడు. పది అడుగుల దూరం. తప్పిపోవడానికి వీల్లేదు అనుకున్నాడు. ట్రిగ్గర్ నొక్కే క్షణానికి పంది గిర్రున తిరిగింది. పొగ విడిపోయేసరికి పంది లేదు. పాల్మా ఉంది.

పంపు షెడ్డు వెనక గొయ్యి తీసి పాల్మాని పాతిపెట్టాడు. మూడు రోజులు పంపు వేయలేదు. ఊళ్ళో ఎవరూ అడగలేదు. నాలుగో రోజు వచ్చి మోటారు తిప్పి, పక్కనున్న వెనేరాతో ఒక్కటే మాట అన్నాడు: "కుక్కలు పట్టుకున్న పంది మీద ఇంక తుపాకీ పేల్చను. చచ్చినా పేల్చను."

"మరి దండం పెడతావా?" అంది వెనేరా.

"కత్తితో పొడుస్తాను."

వెనేరా అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. ఆ చూపుకి పెద్దగా సమయం పట్టలేదు. "సరే, ముందు కత్తి తెచ్చుకో," అని కాబేజీ ఉప్పులో ఊరబెట్టడానికి వెళ్ళిపోయింది.

అక్కడ మొదలైంది గొడవంతా. మిరొన్ తనకి ఇనుము సంగతి క్షుణ్ణంగా తెలుసనుకునేవాడు. "ఇనుము గురించి నాకు తెలియనిది ఇనుముక్కూడా తెలీదు," అని ముప్ఫయ్యేళ్ళుగా చెబుతున్నాడు. అలాంటివాడు బజారుకెళ్ళి కత్తి కొనడమేమిటి? చలికాలమంతా షెడ్డులో కూర్చుని పెద్ద ఆకురాయి ఒకటి అరగదీసి కత్తి చేశాడు. మూరెడు పొడవు. ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడు, మళ్ళీ కాల్చాడు, ఈసారి నీళ్ళలో ముంచాడు, ఎందుకైనా మంచిదని మూడోసారి కూడా కాల్చాడు. వసంతం రాగానే పక్క పొలం ఉతెగెన్‌ని పిలిచి చూపించాడు.

ఉతెగెన్ కజక్కు, ముసల్మాను. గుర్రాలు, గొర్రెలు, కాస్త పుచ్చతోట. మిరొన్‌తో కలిసి చదువుకున్నవాడు, కాబట్టి మర్యాద ఇవ్వాల్సిన పని లేదు. పంది మాంసం ముట్టడు గాని పందుల గురించి సలహాలు మాత్రం ఎవరడిగినా, అడక్కపోయినా ఇస్తాడు.

"ఒరే మిరొన్, నీకు కత్తెందుకురా? పంది పక్కన నువ్వు నిలబడితే అది నిన్ను తన పిల్లనుకుంటుంది. పాలిస్తుందేమో చూడు."

"నోరుమూసుకుని చూడరా," అన్నాడు మిరొన్. చూరు కింద నిలవుంచిన గుమ్మడికాయల్లో పెద్దది తెచ్చి మొద్దు మీద పెట్టి, కాళ్ళు ఎడం చేసి, గాలి పీల్చి ఒక్క పోటు పొడిచాడు. టప్ మంది. పిడి అతని చేతిలో ఉంది. అలుగు గుమ్మడికాయలో ఉంది.

ఉతెగెన్ నవ్వలేదు. టోపీ తీసి గుండెలకి ఆనించుకున్నాడు. "పాపం గుమ్మడికాయ. ఆఖరిదాకా పోరాడింది," అన్నాడు.

ఈ వార్త సాయంత్రానికి ఊరంతా పాకింది. మర్నాడు బళ్ళో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన పెద్దమనిషి ఒకాయన ఎర్రగుడ్డలో చుట్టిన కత్తి పట్టుకుని షెడ్డుకి వచ్చాడు. పిడి చివర గద్ద తల. అలుగు వీపు మీద రంపం పళ్ళు. గద్ద తల మరతిప్పి తీస్తే లోపల దిక్సూచి.

"ఇదెందుకు మాస్టారూ?"

"దారి తప్పితే దిక్కు చూపిస్తుంది."

"పంది ఎటుందో చూపిస్తుందా?"

"ఉత్తరం చూపిస్తుంది."

"నాకు కావలసింది పంది మాస్టారూ. ఉత్తరం ఎటుందో నాకు తెలుసు, గాలి అటునుంచే కొడుతుంది. ఈ రంపం పళ్ళు దేనికి? పందిని పొడిచాక పళ్ళు పక్కటెముకకి తగులుకుని కత్తి రాకపోతే, దాన్ని బతిమాలుకుంటూ నిలబడాలా?"

మాస్టారు కోపం తెచ్చుకుని గద్ద తల బిగించుకుని వెళ్ళిపోయాడు. వారం రోజులు పంపు దగ్గరికి రాలేదు. మిరొన్ ఉతెగెన్‌ని గొర్రెలు కోసే కత్తి ఇమ్మని అడిగాడు. ఉతెగెన్ దాన్ని బూటులోకి ఇంకా లోతుగా తోసుకున్నాడు. "ఇది పందిని తాకిందని తెలిస్తే మా ఆవిడ నన్ను గడప తొక్కనివ్వదు. నేను మీ ఇంట్లో పడుకోవాలి. మీ ఇంట్లో నువ్వు గుర్రు పెడతావు." ఇంక మిగిలింది వెనేరా వంటింటి కత్తి. దాని జోలికి వెళ్ళేంత ధైర్యం మిరొన్‌కి పందుల దగ్గర ఉండేది గాని వెనేరా దగ్గర ఉండేది కాదు.

అలా ఆగస్టు మొదట్లో, పరువు పక్కన పెట్టి, టౌనుకి బస్సెక్కాడు.

రైల్వే స్టేషన్ వెనక బజారులో హమ్రాకుల్ అనే ఉజ్బెక్కు ముసలాయన కత్తులు చేసేవాడు. పనితనం ఉన్నవాడు కాబట్టి అందరూ ఉస్తా అని పిలిచేవారు. కళ్ళజోడు ఒక కాడ విరిగితే తీగతో కట్టుకున్నాడు. గెడ్డం బొగ్గుపొడితో నల్లగా, నమాజు చేసొచ్చిన మొహం తెల్లగా ఉంది. అది చూసి మిరొన్‌కి చిక్కొచ్చి పడింది. ఇంత శుభ్రమైన ముసల్మాను దగ్గర నిలబడి పందికత్తి ఇమ్మని ఎలా అడుగుతాడు?

"ఏం కొయ్యాలి బాబూ?" అని అడిగాడు ఉస్తా.

"పుచ్చకాయలు," అనేశాడు మిరొన్.

"ఎంతెంత ఉంటాయి?"

కత్తి చిన్నది అంటగడతాడేమోనని మిరొన్‌కి భయం వేసింది. "పెద్దవే ఉస్తా. కొన్నయితే... వంద కిలోల పైమాటే."

ఉస్తా కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. "మీ ఊళ్ళో నీళ్ళు మంచివన్నమాట," అన్నాడు.

తర్వాత గుడ్డ పరిచి ఒక కత్తి పెట్టాడు. దాన్ని చూడగానే మిరొన్ మనసు దాని మీదే పడిపోయింది. ఆ అందం అలాంటిది. తెల్లటి ఎముక పిడి, దాని మీద చుక్కచుక్కగా ఇత్తడి పొదుగు. అలుగు చివర నెలవంకలా పైకి తిరిగింది. పదునైన వాదర పక్కన సన్నటి తీగ, పువ్వులు చెక్కి ఉన్నాయి. చేతి మీద వెంట్రుకలకి ఆనిస్తే వాటంతటవే రాలిపోయాయి. ముప్ఫయ్యేళ్ళుగా గ్రీజులో బతికిన మనిషి. అంత శుభ్రమైన వస్తువు అతని చేతిలోకి ఎప్పుడూ రాలేదు.

వెళ్ళబోతూ గోడకి వేలాడుతున్న ఒక నల్లటి మొరటు కత్తిని చూసి, "అదేంటి?" అన్నాడు.

"ఎవడో చేయించుకున్నాడు. తీసుకెళ్ళడానికి రాలేదు."

"చచ్చిపోయాడా?"

"పెళ్ళయింది."

మిరొన్ నవ్వి, పువ్వుల కత్తి చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. వెనేరా దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ఇరవయ్యేళ్ళు చేపల డిపోలో పొట్టలు చీల్చిన మనిషి ఆమె. "బాగుంది. పిడి సబ్బుబిళ్ళలా ఉంది," అంది. మిరొన్ దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు.

పది రోజులకి పందులు దిగాయి. తెల్లారగట్ట కుక్కలు రెండూ ఒక ఈడొచ్చిన ఆడపందిని గట్టుకి అదిమాయి. మిరొన్ తుపాకీ కింద పెట్టేసి, బురదలో మోకాలిదాకా దిగి, వెనకనుంచి వెళ్ళి పొడిచాడు. కత్తి మొన పైకి తిరిగి ఉంది కదా, తోలు మీద జారి భుజం ఎముకలో ఇరుక్కుని ఆగింది. కత్తి ఆగింది గాని మిరొన్ చెయ్యి ఆగలేదు. తడి ఎముక పిడి మీదుగా సర్రున ముందుకు పోయి, వెంట్రుకల్ని రాల్చిన ఆ వాదర మీదికే వెళ్ళింది. పంది అతన్ని ఒక్క తోపు తోసి, కుక్కల్ని విదిలించుకుని రెల్లులోకి పోయింది. పువ్వుల కత్తి కూడా దానితోనే పోయింది. ఎక్కడ రాలిందో ఈనాటికీ ఎవరికీ తెలీదు.

ఉతెగెన్ అతన్ని గుర్రం మీద ముందు కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. దారంతా ఒక్క హాస్యం ఆడలేదు. దాంతో గాయం పెద్దదేనని మిరొన్‌కి అర్థమైంది. అరచేతికి తొమ్మిది కుట్లు పడ్డాయి.

"ఏం కోస్తుంటే తెగింది?" అని అడిగింది నర్సు.

"పుచ్చకాయ," అన్నాడు మిరొన్, అలవాటుగా.

"గెలిచిందా?"

నెలన్నర చెయ్యి కట్టుతో ఉంది. పంపు వెనేరా నడిపింది. ఆ నెలన్నరలో పంపు ఒక్కసారి కూడా ఆగలేదు. దీని మీద ఎవరెవరు ఏమేమన్నారో రాయడం మొదలుపెడితే ఈ కథ పూర్తికాదు. మిరొన్‌కి మాత్రం అరచేతి నొప్పి కంటే అది ఎక్కువ బాధించింది. గుమ్మం ముందు కూర్చుని కుక్కల్ని చూస్తుండేవాడు. తుమాన్ వచ్చి కట్టు వాసన చూసి, గడ్డం అతని బూటు మీద ఆనించేది.

"మానేస్తానే," అన్నాడు ఒకరోజు. "నా వల్ల కాదు. ఈసారి కుక్క పోతే..."

వెనేరా బెండ్లు తీసిన చేపల వలని మడత పెడుతూ, "రేపు టౌనుకి పోదాం," అంది.

"ఎందుకు?"

"నీకు ఇనుము తెలుసు. నాకు పిడి తెలుసు."

ఉస్తా వాళ్ళిద్దర్నీ దూరం నుంచే చూశాడు. ముందు కట్టు చూశాడు. "పుచ్చకాయ ఎదురు తిరిగిందా?" అన్నాడు.

మిరొన్ ఎర్రబడ్డాడు. వెనేరా మాత్రం తిన్నగా బల్ల ముందుకి వచ్చింది. "తాతా, మాకు పందిని పొడిచే కత్తి కావాలి. మీకు కష్టమనిపిస్తే ఇప్పుడే చెప్పండి, బస్సుంది, పోతాం."

ఉస్తా కొలిమి కేసి చూసి, గెడ్డం గోక్కుని నవ్వాడు. "నాకు ఆరోజే తెలుసమ్మా. పుచ్చకాయకి కత్తి కొనేవాడు వాదర చూస్తాడు. మీ ఆయన వచ్చీ రాగానే మొనలు చూశాడు."

"తెలిసీ ఆ కత్తెందుకిచ్చావయ్యా నాకు?" అని అరిచాడు మిరొన్.

"నువ్వు పుచ్చకాయలన్నావు. పుచ్చకాయలకి దాన్ని మించింది ఈ బజారులో లేదు. నిజం చెప్పినవాడికి నిజం కత్తి. అబద్ధం చెప్పినవాడికి పువ్వుల కత్తి."

వెనేరా సంచిలోంచి ఒక నూనె సీసా తీసింది. బల్ల మీదున్న కత్తుల పిడులన్నిటికీ నూనె పూసి, చేతికి కూడా నూనె రాసుకుని ఒక్కొక్కటీ పట్టుకుని మొన కిందికి పెట్టి బల్లకి గట్టిగా గుచ్చడం మొదలుపెట్టింది. చుట్టుపక్కల కొట్లవాళ్ళు పని మానేసి వచ్చి నిలబడ్డారు. కొమ్ము పిడి జారింది. ఇత్తడి పిడి జారింది. నున్నటి కర్ర పిడి తిరిగిపోయింది. ఒక్కో దానికీ వెనేరా "ఇది చేపకి", "ఇది అత్తగారికి చూపించడానికి", "ఇది ఎందుక్కూడా పనికిరాదు" అంటూ పక్కకి పెట్టేస్తుంటే ఉస్తా మొహం మాడలేదు సరికదా వెలుగుతోంది. నలభై ఏళ్ళలో తన కత్తుల్ని ఎవరూ అంత శ్రద్ధగా తిట్టలేదట.

ఆఖరికి గోడ మీది నల్ల కత్తి దింపించింది. దుమ్ము తుడిస్తే కూడా అందం రాలేదు. లారీ స్ప్రింగు పట్టాతో చేసింది. అలుగు జానెడు, ఆపైన రెండు వేళ్ళు. వీపు మందం, మొన తిన్నగా పిడికి సూటిగా ఉంది, చివర రెండంగుళాలు రెండువైపులా పదును. పిడికీ అలుగుకీ మధ్య అడ్డంగా ఇనప పట్టీ. పిడి గరుకు కర్ర, దాని మీద తోలుతాడు చుట్టి ఉంది. వెనేరా నూనె చేత్తో నాలుగుసార్లు బల్లకి పొడిచింది. చెయ్యి కదల్లేదు. ఇనప పట్టీ దగ్గర టక్కున ఆగింది.

"నువ్వు పట్టుకో," అంది మొగుడితో.

మిరొన్ కట్టు విప్పి ఆ చేత్తోనే పట్టుకున్నాడు. రెండు వేళ్ళు పూర్తిగా మడవడం లేదు. అయినా తోలుతాడు వేళ్ళ సందుల్లో సర్దుకుంది. దానితో వచ్చిన ఒర లోతుగా ఉండి, కత్తిని సగం పిడిదాకా మింగేసింది. తలకిందులు చేసి ఊపినా జారలేదు. రెల్లులో పాక్కుంటూ వెళ్ళేవాడికి అది అన్నిటికంటే ముఖ్యం.

"వికారంగా ఉందే," అన్నాడు మిరొన్, ఆఖరి ప్రయత్నంగా.

"ముప్ఫైరెండేళ్ళ కిందట నిన్ను చూసి మా అమ్మా ఇదే మాటంది," అంది వెనేరా. "తీసుకో."

ఉస్తా దాన్ని చేతికివ్వలేదు. బల్ల అంచున పెట్టి అటు తిరిగి నిలబడ్డాడు. "నేనివ్వలేదు. అక్కడుంది. మీరు తీసుకున్నారు. పైవాడు అడిగితే అలాగే చెబుతాను. మీరూ అలాగే చెప్పండి," అని, తిరక్కుండానే, "భుజం ఎముక మీద కాదు నాయనా, ముందుకాలి వెనక, కింద. తోసి, తియ్యకుండా పట్టుకో," అన్నాడు. ఇవన్నీ ఆయనకెలా తెలుసో అడిగే సాహసం ఎవరూ చెయ్యలేదు.

అక్టోబరు మధ్యలో కోత మొదలయ్యే ముందు రోజు పొద్దున్నే పొగమంచు దట్టంగా ఉంది. ఉతెగెన్ గుర్రం మీద వచ్చాడు. తాను ఊరికే చూడడానికే వచ్చానని, పంది తన కంటపడితే కళ్ళు మూసుకుంటానని ముందే చెప్పాడు. మిరొన్ తుపాకీ అతని చేతికిచ్చాడు. "నేనడిగినా ఇవ్వకు," అన్నాడు.

కుక్కలు రెల్లులోకి పోయాయి. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఇస్క్రా అరుపు, వెంటనే తుమాన్ గొంతు, ఆ తర్వాత రెల్లు విరుగుతున్న చప్పుడు. మిరొన్ పరిగెత్తాడు. పాక్కుంటూ పోయి చూస్తే, కోరలు బయటికి వంగిన ముసలి మగపంది, ఎండిన కాలవ గోడకి వెనక ఆనించి నిలబడింది. తుమాన్ చెవి పట్టుకుంది. సరిగ్గా పాల్మా పట్టుకున్నట్టే. ఇస్క్రా పక్కనుంచి తొడ కరిచి లాగుతోంది. పంది తల విసిరినప్పుడల్లా తుమాన్ నేల విడిచి లేస్తోంది.

మిరొన్ ఒరలోంచి కత్తి లాగాడు. తర్వాత అతను ఉతెగెన్‌తో చెప్పినదాన్ని బట్టి, ఆ సమయంలో అతనికి ధైర్యం లాంటిదేమీ రాలేదు. కుక్క కళ్ళు ఒకసారి తనకేసి తిరిగాయి, అంతే. వెనక్కి పోవడం కంటే ముందుకు పోవడం తేలికనిపించింది.

గోడ ఎక్కి పంది పక్కన దిగాడు. ఎడంచేత్తో వీపు మీది గట్టి వెంట్రుకలు పట్టుకున్నాడు. పొట్టివాడు కావడం ఆరోజు కలిసొచ్చింది, పెద్దగా వంగాల్సిన పని లేకపోయింది. ముందుకాలి వెనక, కింద, మొన ఆనించి ఒళ్ళంతా బరువు వేసి తోశాడు. చెయ్యి ఇనప పట్టీ దగ్గర ఆగింది. కత్తి ఆగలేదు. పంది ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంది, అతన్ని గోడకేసి కొట్టింది, ఇంకోసారి కొట్టింది. అతను వదల్లేదు. వేడి ఊపిరి, బురద వాసన, కుక్కల గురగుర. తర్వాత పంది ముందుకాళ్ళు మడిచి నెమ్మదిగా, అలిసిపోయిన పెద్దమనిషి కూలబడ్డట్టు కూలబడింది.

ఉతెగెన్ వచ్చేసరికి మిరొన్ బురదలో కూర్చుని, తుమాన్‌ని ఒళ్ళో పెట్టుకుని, తోక నుంచి ముక్కుదాకా వేళ్ళతో తడుముతున్నాడు. దాని పెదవి చిరిగింది, అంతే. ఇస్క్రాకి అదీ లేదు.

"ఏడుస్తున్నావా?" అన్నాడు ఉతెగెన్.

"మంచురా."

"అవును, ఇవాళ మంచు ఎక్కువ," అని ఉతెగెన్ గుర్రం మీదనే అటు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి తనే తాడు విప్పి, పందిని చూడకుండా, ఒక కొస వెనక్కి విసిరి, "కాళ్ళకి కట్టు. నా గుర్రం లాగుతుంది. గుర్రానికి మతం లేదు," అన్నాడు. పందిని ఇంటి ముందుకి చేర్చాక ఆ తాడు మళ్ళీ ఇంటికి తీసుకెళ్ళలేదు.

సాయంత్రం వెనేరా ముంగిట్లో పెద్ద కళాయి పెట్టి, పులియబెట్టిన సోయా ముద్ద, ఎండుమిరప, చిన్నుల్లి వేసి మాంసం ఉడికించింది. ఊళ్ళోని కొరియావాళ్ళంతా, ఇద్దరు ముగ్గురు రష్యావాళ్ళు వచ్చారు. వోద్కా వచ్చింది. ఎలా పొడిచావో చెప్పు, చెప్పు అని అందరూ అతనికోసం చూశారు. నలభై ఏళ్ళుగా ఏదో ఒకటి గొప్పగా చెప్పుకోవాలని చూసిన మనిషికి ఆరోజు నిజంగా చెప్పుకోవడానికి ఒకటి దొరికింది. కాని మిరొన్ బూట్లు కూడా విప్పకుండా లోపల, కింద పొగగొట్టాలతో వేడెక్కే నేల మీద పడి గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. మాస్టారు రెండుసార్లు కుదిపి చూశాడు. లేవలేదు.

"పడుకోనీండి మాస్టారూ," అంది వెనేరా, గరిటె దులుపుతూ. "నేను చెబుతాను కూర్చోండి. ముందు పిడికి నూనె రాశాం..."